కొల్లేటి ఒడ్డున నా సాక్ష్యం

మా ఆయన సర్దిన సంచీ చూస్తే నేను కొల్లేరుకు కాదు, కాశీకి పోతున్నాననుకుంటారు ఎవరైనా. వేడినీళ్ళ రబ్బరు సంచీ, థర్మామీటరు, మోకాళ్ళకూ మణికట్లకూ పట్టీలు, మాత్రల డబ్బా, ఆ డబ్బా పోతే పనికొస్తుందని ఇంకో డబ్బా. పైన ఒక స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు. నంద్యాల స్టేషనులో కిటికీ పక్కన నిలబడి, "దిగంగానే మిస్డ్ కాల్ ఇయ్యి. పొద్దున లేచినాక ఒకటి ఇయ్యి. భయమైతే మాత్రం కట్ చెయ్యకు, నేనెత్తి మాట్లాడతా" అన్నాడు. ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేసినా మాట్లాడాలంటే ఖర్చుకు ప్రాణం ఉసూరుమనే రోజులవి. సగం కాపురాలు మిస్డ్ కాల్స్ మీదే నడిచేవి.

నాకు అప్పటికి కొన్నేళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్ళ మీద పడుతుందని డాక్టరు చెబితే, "అంటే కంచే చేను మేయడం" అన్నాను. "అంతేనమ్మా" అన్నాడాయన. పోయే జబ్బు కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలి. దీని తమాషా ఏమిటంటే, పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారిపోయి ఉంటాయి. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను, పళ్ళపొడి డబ్బా మూత తీయలేను. ఎండెక్కేకొద్దీ వదులవుతాయి. సాయంత్రానికి నన్ను చూసినవాళ్ళు, ఈమెకు జబ్బేంటి, నాటకాలు కాకపోతే, అనుకుంటారు. కొందరు అన్నారు కూడా.

నొప్పిని ఎట్లాగో ఓర్చుకున్నాను. దాని వెంట వచ్చిన భయాన్ని ఓర్చుకోలేకపోయాను. రేపు పొద్దున ఎట్లా ఉంటుందో అన్న దిగులు ఈ మధ్యాహ్నమే మొదలయ్యేది. గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు. గుండెపోటే అనుకుని ఆస్పత్రికి పరుగెత్తితే గుండె గుండ్రాయిలా ఉందనీ, అది ఆందోళన అనీ చెప్పి పంపేవాళ్ళు. మా ఆయన తప్ప పొద్దుటిపూట నన్ను చూసినవాళ్ళు లేరు. అత్తగారు ఇంట్లో ఉన్నా సరే, వేళ్ళు తెరుచుకునేదాకా గది తలుపు గడియ తీయనిచ్చేదాన్ని కాదు. నేను లెక్కల టీచర్ని. మొదటి పీరియడ్‌లో సుద్దముక్క జారిపోతుంటే పిల్లలు చూస్తారని, బడికి ఆలస్యంగా పోయి మాట పడటం అలవాటు చేసుకున్నాను. పైన పటారం, లోన లొటారం.

ఆ క్రిస్మస్ సెలవులయ్యాక ఉద్యోగం మానేస్తానని ఇంట్లో చెప్పేశాను. దానికి ముందు ఒక్కసారి ఒంటరిగా పోయి, చదువుకునే రోజుల్లో స్నేహితురాలు సుగుణతో చూసిన కొల్లేరును మళ్ళీ చూసి రావాలనిపించింది. ఎవరి ఇంట్లోనో నిద్ర లేచి, నా పొద్దుటి వేళ్ళు ఎవరికీ కనబడకుండా తిరిగి రాగలిగితే ఉద్యోగం సంగతి మళ్ళీ ఆలోచిద్దాం, లేకపోతే ఇంతేనని సర్దుకుందాం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు అదే నా లెక్క.

ఏలూరు

బి.ఎడ్. చదివిన ఊరికి పెద్దయ్యాక పోతే ఊరు చిన్నదైపోయినట్టుంటుంది. మేము హాస్టలు నుంచి నడిచి నడిచి అలిసిపోయిన కాలవగట్టు రోడ్డు ఆటోలో ఇట్టే అయిపోయింది. కాలవ మీద వంతెన అదే, వంతెన మీద జామకాయలమ్మే బుట్టలూ అవే. జామకాయను చాకుతో నాలుగు చీలికలు చేసి ఉప్పూ కారం అద్ది ఇచ్చే పద్ధతీ మారలేదు. సుగుణా నేనూ ఒక కాయ కొని పంచుకునేవాళ్ళం. ఆ సాయంత్రం నేనొక్కదాన్నే ఒక కాయంతా తిన్నాను, ఏమంత రుచిగా లేదు.

తివాచీలు నేసే వీధికీ పోయాను. మేము చదివే రోజుల్లో ఇంటింటా మగ్గం చప్పుడు వినబడేది. ఇప్పుడు వెతికితే ఒక ఇంట్లో కనబడింది. మగ్గం ముందు కూర్చున్నావిడ నన్ను కొనేదాన్ననుకోలేదు, అయినా, "రండీ, కూర్చోండీ, మంచినీళ్ళు తాగుతారా అండీ?" అంది. మా వైపు కొత్త మనిషి గుమ్మంలో నిలబడితే మొదట, "ఎవురు కావాల?" అంటారు. మర్యాదలో లోటు ఉండి కాదు, మా వాడుక అది. ఈ వైపు తిట్టు కూడా అండీతోనే తిడతారు. మా హాస్టలు వంటమనిషి మమ్మల్ని "మీకు బుద్ధుందాండీ?" అనేది.

స్టేషను దగ్గర లాడ్జిలో దిగాను. మేనేజరు పెద్దాయన, విభూతి పెట్టుకుని, బసకొచ్చిన మనిషితో కాకుండా పెళ్ళికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడాడు. గదికి చేరగానే అలవాటు కొద్దీ తలుపు గడియ బిగించి పడుకున్నాను. ఇంట్లో పొద్దున ఆ గడియ తీసేది మా ఆయన. ఆ ముక్క నాకు తట్టనే లేదు.

డిసెంబరు చలి, కొత్త మంచం. తెల్లవారేసరికి పది వేళ్ళూ ముడుచుకుపోయాయి. గడియ చూస్తే ఇనుపది, తుప్పుపట్టి బిగిసింది. అరచేతితో తోశాను, మోచేతితో కొట్టాను, తువ్వాలు చుట్టి లాగాను. ఊహూ. అప్పుడు మొదలైంది దడ. నేను ఇక్కడే పడిపోతే తలుపు పగలగొట్టాలి, ఏలూరంతా చూస్తుంది, నంద్యాలకు కబురు పోతుంది. చెమటలు పట్టి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. అదే సమయానికి తలుపు తట్టారు.

"ఏవండీ, కాఫీ అండీ" అన్నాడు మేనేజరు.

"స్నానం చేస్తున్నా" అని గదిలోంచి అరిచాను. స్నానాలగది గదికి ఆ చివర ఉందని ఆయనకు తెలియదా!

గుమ్మం అవతల కప్పూ సాసరూ చప్పుడయ్యాయి. తర్వాత, "తొందరేం లేదండీ. ఫ్లాస్కులో పోసి గుమ్మం దగ్గర పెట్టేస్తాను. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే తాగండీ" అని, పోతూ పోతూ, "తలుపు బిగుసుకుంటే చెప్పండీ, వెనక తలుపు తాళం నా దగ్గర ఉంది" అన్నాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. చాలాసేపటికి గడియ తీసి ఫ్లాస్కు లోపలికి తెచ్చుకుంటే, దాని మూత రాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. కాఫీ ఎదురుగా పెట్టుకుని ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తాడేపల్లిగూడెం

గూడెం స్టేషనులో దిగితే ఉల్లిపాయల ఘాటు ఎదురొచ్చి పలకరిస్తుంది. లారీల మీద గోనెసంచులు, రోడ్డంతా ఎగిరే ఉల్లిపొట్టు. కర్నూలు ఉల్లిపాయ కూడా ఇక్కడికే వచ్చి అమ్ముడుపోతుందని విన్నాను గానీ, మా వైపు వాసన ఇంత దూరంలో తగిలేసరికి కడుపు నిండినట్టయింది.

సుగుణ వచ్చింది. బి.ఎడ్.లో నా పక్క మంచం మనిషి. ఇక్కడే టీచరు. వాళ్ళు మిషను కాలం నాటి క్రైస్తవులు, వాళ్ళ తాతగారి దగ్గర్నుంచీ అంతా బడిపంతుళ్ళే. ఇంటి ముందు కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతోంది. నన్ను చూడగానే, "ఏమే శారదా, చిక్కిపోయావేంటే? నీ నోరు మాత్రం చిక్కలేదులే, ఉత్తరాల్లో తెలుస్తూనే ఉంది" అంది. జబ్బు సంగతి ఉత్తరాల్లో రాశాను. పొద్దుటి సంగతి మాత్రం రాయలేదు.

మర్నాడు అందరికంటే ముందు లేచి, పెరట్లో పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్నట్టు కూర్చుని వేళ్ళు వేడి చేసుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. ఏదో పరీక్ష తప్పకుండా గట్టెక్కినంత సంతోషం. టిఫినుకు మినపరొట్టె పెట్టింది. మా వైపు రొట్టె అంటే జొన్నరొట్టె, చేత్తో తట్టి పెనం మీద కాల్చింది. వీళ్ళది మూకుడులో మందంగా కాల్చిన మినపపిండి, పైన కరకర, లోపల దూది. పక్కన చెరుకు పానకం పోసింది. రొట్టెకు తీపి ఏమిటే నీ మొహం అని ఎగతాళి చేశాను, తర్వాత ఇంకో ముక్క అడిగాను.

"మా అమ్మ నిన్ను చూడాలంటోంది. కొల్లేటి ఒడ్డున అమ్మ దగ్గరే రేపటి దాకా ఉందాం. ఇవాళ అమ్మ ఇంట్లో కూడిక కూడా ఉంది" అంది సుగుణ. కూడిక అంటే వారానికొకసారి ఒకరింట్లో చేరి చేసుకునే ప్రార్థన. పాటలు బాగుంటాయి కదా, విందాం అనుకున్నాను.

ఉండి దాటాక

భీమవరం దాటి ఉండి అనే ఊరు వచ్చేసరికి రోడ్డుకు ఒక పక్క వరిచేలు, ఒక పక్క చేపల చెరువులు. మా సీమలో చినుకు కోసం ఆకాశం కేసి చూస్తాం. ఇక్కడ నీళ్ళు ఎక్కువై తోడిపోస్తున్నారు. ఏమి న్యాయం ఇది అని సుగుణతో పోట్లాడుతున్నాను. బస్సు నిండా జనం. నా ఒళ్ళో సంచీ, కాళ్ళ దగ్గర ఎవరిదో రొయ్యల తట్ట. ఒక్కసారిగా, ఇక్కడ ఏదైనా అయితే ఆస్పత్రి ఎంత దూరం అన్న ఆలోచన వచ్చింది. అంతే. గుండె గొంతులోకి వచ్చింది, ఊపిరి సగంలో ఆగిపోయింది.

"దిగాలి. ఆపమను. దిగిపోవాలే" అన్నాను.

సుగుణ కండక్టరును కేకేసింది. చెరువుగట్టు పక్కన బస్సు ఆగింది. మా బస్సుల్లో అయితే నన్నూ నా సంచీనీ దింపి రైట్ అనేవాళ్ళు. ఇక్కడ సగం బస్సు నాతోపాటు దిగింది. తలా ఒక వైద్యం.

"గ్యాసండీ అది. సోడా పట్టండి."

"గ్యాసు కాదండీ, ఎండదెబ్బ."

"డిసెంబర్లో ఎండదెబ్బేంటి బావగారూ? దిష్టండీ."

రొయ్యల తట్ట ఆవిడ ఒక్కతే ఏ వైద్యమూ చెప్పలేదు. నా పక్కన గట్టు మీద కూర్చుని, "మా వదినకీ ఇంతేనండీ. పోతాననుకుంటది, పోదండీ. కాసేపు ఉండి అదే వదిలేత్తది" అంది. చల్లగా చెప్పిన ఆ మాట డాక్టరు చెప్పినదే. అయినా అప్పుడు చెవికెక్కింది. నిజంగానే కాసేపటికి వదిలేసింది. కండక్టరు, "నిదానంగా ఎక్కండీ, కొల్లేరు ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. ఆలస్యమైపోయిందని తిట్టినవాడు ఒక్కడూ లేడు.

కొల్లేటి ఒడ్డు

ఆ ఊరి పేరు రాయను. ఉన్నవాళ్ళు ఉన్నారు, చదివితే బాగుండదు. కలిదిండి వైపు, చెరువుల మధ్య ఇరవై ముప్పై గడపల ఊరు. ఆ మధ్యే సర్కారువాళ్ళు సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించేశారు. తెగిన గట్లు మట్టిదిబ్బల్లా నీళ్ళలో మిగిలిపోయాయి. కొందరికి కూడు పోయింది, కొల్లేరు మాత్రం ఊపిరి పీల్చుకుంటోందని ఇంకొందరు. ఎవరి బాధ వాళ్ళది.

సుగుణ వాళ్ళమ్మ రూతమ్మగారు. తెల్లచీర, తెల్లజుట్టు, పొట్టి మనిషి. చదువుకునే రోజుల్లో వచ్చినప్పుడు నాకు జడ వేసింది. ఈసారి మజ్జిగ గ్లాసు ఇచ్చింది. బస్సులో కదలకుండా కూర్చోవడంతో వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. గ్లాసు జారి పడింది.

"అయ్యో, పిన్నిగారూ..." అంటుంటే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని చూసింది. లోపలికి పోయి కొబ్బరినూనె గిన్నె తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, నా వేళ్ళకు నూనె రాస్తూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నేను గుడికి పోయే మనిషిని, కానీ కాదనడానికి మనసొప్పలేదు. వెచ్చటి నూనె, మెత్తటి అరచేతులు. మా అమ్మ పోయాక అంతసేపు నా చేతులు పట్టుకున్నవాళ్ళు లేరు. ఆవిడ ఆమెన్ అంటే నేనూ అన్నాను.

మధ్యాహ్నం మాత్ర వేసుకుని పడుకుని లేచేసరికి, రోజూ లాగానే, వేళ్ళు తెరుచుకున్నాయి. సాయంత్రం దోనెలో సరస్సు మీదికి పోయాం. నేనే అంచు పట్టుకుని ఎక్కాను. గుర్రపుడెక్క పక్కకు నెట్టుకుంటూ, కిక్కిస రెల్లు దుబ్బుల మధ్య నుంచి పోతుంటే, ఇరవై ఏళ్ళ కింద ఇట్లాగే పోతూ సుగుణ నీళ్ళలో చెప్పు పారేసుకున్న సంగతి గుర్తొచ్చి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. దూరంగా గూడబాతులు బరువుగా లేచి మళ్ళీ నీళ్ళ మీదే వాలుతున్నాయి. ఒంగి ఒక కలువను తెంపాను. రెండేళ్ళుగా ఏ పువ్వునూ తెంపని చేతులు. ఆ పూట భయం ఎక్కడుందో వెతికినా కనబడలేదు.

పొద్దు వాలాక కొర్రమేను పులుసుతో అన్నం పెట్టారు. మా సీమవాళ్ళకు చేప ముళ్ళు తీసుకోవడం రాదని సుగుణ ఆటపట్టిస్తుంటే, పంతం పట్టి ఒక్కొక్క ముల్లూ వేళ్ళతో ఏరి పళ్ళెం అంచున వరసగా పెట్టాను. రూతమ్మగారు తినడం మానేసి నా వేళ్ళకేసే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు. పులుసు కారం అనుకున్నాను.

సాక్ష్యం

అన్నాలయ్యేసరికి అరుగు నిండింది. ఆడవాళ్ళే ఎక్కువ. రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. చాపలు పరిచి, కంజర కొట్టి పాడుతుంటే నాకు పదాలు తెలియకపోయినా తల ఊగింది. పాట అయ్యాక రూతమ్మగారు లేచి నిలబడింది.

"మధ్యాహ్నం ఈ అమ్మాయి చేత గ్లాసు నిలవలేదండీ. నా చేతుల్తో నూనె రాసి ప్రార్థన చేశాను. సాయంత్రం అదే చేత్తో చేప ముళ్ళు తీసుకుని తింది. నా కళ్ళతో చూశాను. ప్రభువు చేతులు తెరిచాడు. శారదమ్మ ఇప్పుడు సాక్ష్యం చెబుతుంది."

అందరూ స్తోత్రం అన్నారు. సాక్ష్యమంటే, తనకు జరిగిన మేలు పదిమందిలో లేచి నిలబడి చెప్పడం. ఆవిడ తప్పేమీ లేదు. పొద్దుటి నన్ను చూడలేదు, సాయంత్రపు నన్ను చూసింది. రోజూ జరిగేదాన్ని ఈ ఒక్కరోజు జరిగిన అద్భుతం అనుకుంది.

సుగుణ నా చీర కొంగు లాగి, "రెండు ముక్కలు వందనాలని చెప్పి కూర్చోవే. అమ్మ సంతోషిస్తుంది. ఎవరికి నష్టం?" అంది. నిజమే, ఎవరికి నష్టం? వందనాలు చెప్పడానికి నోరు తెరిచాను.

ముందు వరసలో ఒకావిడ, నా వయసే ఉంటుంది, కొంగు కింద దాచుకున్న చేతులు బయటికి తీసింది. కణుపుల దగ్గర వాచి, చిటికెన వేళ్ళు పక్కకు తిరిగి ఉన్నాయి. నా వేళ్ళే.

"మందులు మానేశారా అండీ?" అని అడిగింది. అంత ఆశగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు.

ఇప్పుడు నేను అవునంటే ఆమె రేపు మానేస్తుంది. గుండె బస్సులో లాగే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంతమంది ముందు పడిపోతానేమో అనిపించింది. పడితే పడ్డాను అని మొండిగా గుంజ పట్టుకుని నిలబడ్డాను.

"మానలేదండీ. మానకూడదు. నాకు తగ్గలేదు" అన్నాను. రూతమ్మగారి ముఖం కేసి చూడలేకపోయాను. "రోజూ సాయంత్రానికి ఇట్లా బాగుంటుంది. రేపు పొద్దున చూడండి, జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేను. నిన్న పొద్దున ఏలూరులో గడియ రాక గదిలోనే చిక్కుపడి, కాఫీ తెచ్చినాయనతో స్నానం చేస్తున్నా అని అబద్ధమాడాను. ఇవాళ బస్సు ఆపించింది కూడా జబ్బు కాదు, భయం. పొద్దున నన్ను ఎవరన్నా చూస్తారేమో అని భయం. ఉద్యోగం కూడా అందుకే మానేద్దామనుకుంటున్నా. పిన్నిగారు నూనె రాసిన కాసేపు మాత్రం ఆ భయం లేదు. అది నిజం. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం లేదండీ."

చెప్పేశాక ఏడుపొచ్చింది, ఏడ్చాను. మొగుడికి కూడా అన్నీ కలిపి ఒక్కసారి చెప్పినదాన్ని కాదు.

మొదట మాట్లాడింది ఆ ముందు వరసావిడే. పేరు మార్తమ్మ. "పొద్దున్నే మీకూ చెయ్యి మూసుకుపోద్దా అండీ? నేను చీపురు పట్టుకోలేనండీ. మా అత్త బద్ధకం అంటది. నాకొక్కదానికే అనుకున్నానండీ" అంది.

"మీ అత్త బద్ధకం అంటోంది, మా హెడ్‌మాస్టరు నిర్లక్ష్యం అంటున్నాడు" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరం నవ్వాం, మార్తమ్మ అందరికంటే గట్టిగా.

రూతమ్మగారు నవ్వలేదు. కూడిక ముగించి లోపలికి పోయింది. ఆవిడ పరువు తీశానని సుగుణ నాతో పొడిపొడిగా మాట్లాడింది. నా పక్క వేసిన గది తలుపుకు గడియ ఉంది. చాలాసేపు దానికేసి చూసి, వేయకుండానే పడుకున్నాను.

తెల్లవారి

చీకటి విడుతూనే తలుపు తోసుకుని రూతమ్మగారు వచ్చింది. చేతిలో వేడినీళ్ళ గంగాళం, వెనకాల మార్తమ్మ. నా పది వేళ్ళూ ముడుచుకుని దుప్పటి మీద ఉన్నాయి. జుట్టు చెదిరి, హుక్కులు ఊడి, ఎవరికీ కనబడకూడదని ఇన్నేళ్ళు గడియ వెనక దాచిన అవతారంలో కూర్చున్నాను.

ఆవిడ ముందు నా జాకెట్టు హుక్కులు పెట్టింది. గంగాళం మా ఇద్దరి మధ్యా పెట్టి, నా చేతులూ మార్తమ్మ చేతులూ నీళ్ళలోకి దింపింది. అప్పుడు అంది.

"నిన్న సాయంత్రం గురించి అడిగానమ్మా. ఆయన ఇచ్చాడు. పొద్దుటి గురించి అడగాలని నువ్వు చెప్పందే నాకెలా తెలుస్తుంది?"

"మీకు కోపం వచ్చిందనుకున్నాను పిన్నిగారూ."

"వచ్చింది. రాత్రే పోయింది. చేతులు తియ్యకు, ఇంకా వేడి పోస్తాను."

నీళ్ళలో నాలుగు చేతులూ ముడుచుకుని ఉన్నాయి. మార్తమ్మ, "ఎవరివి ముందు తెరుచుకుంటాయో పందెం అండీ" అంది. చలిలో ఆవిరి లేస్తుంటే ముగ్గురం ఆ గంగాళం చుట్టూ కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకున్నాం. గుండె దాని పని అది చేసుకుంటోంది. సుగుణ కాఫీ తెచ్చి, పొడిపొడిగానే, నా నోటి దగ్గర పెట్టి తాగించింది. మార్తమ్మే గెలిచింది.

మళ్ళీ ఏలూరు

తిరుగు ప్రయాణంలో మార్తమ్మనూ ఏలూరు తీసుకొచ్చి ఒక డాక్టరుకు చూపించాను. అంతదాకా ఊళ్ళో ఇచ్చే నొప్పిబిళ్ళలే మింగుతోంది. ఆమెదీ నా జబ్బేనని తేలింది, మందు మొదలైంది. ఆ పూట అదే లాడ్జిలో దిగాం. మేనేజరుతో, "తలుపు గడియ వెయ్యనండీ, వేళ్ళు పనిచేయవు. ఫ్లాస్కు మూత వదులుగా పెట్టండి" అని చెప్పాను. "ఆయ్, అలాగేనండీ" అని, అంతకుముందు తెలియనట్టే, తల ఊపాడు.

ఉద్యోగం మానలేదు. మొదటి పీరియడ్‌లో బోర్డు మీద పిల్లలే లెక్క చేసేవాళ్ళు, నేను నోటితో చెప్పేదాన్ని. చేతులు ఎందుకలా ఉన్నాయని అడిగితే చెప్పాను. వాళ్ళకు దానికంటే లెక్కలంటేనే ఎక్కువ భయం. నా భయం పూర్తిగా పోయిందంటే అబద్ధం. వస్తుంది, రొయ్యల తట్ట ఆవిడ చెప్పినట్టు కాసేపుండి వదిలేస్తుంది.

మార్తమ్మా నేనూ లాడ్జి గుమ్మంలోనే ఒక ఒప్పందం చేసుకున్నాం. పొద్దున ఎవరి వేళ్ళు ముందు తెరుచుకుంటే వాళ్ళు ఫోను నొక్కి మిస్డ్ కాల్ ఇవ్వాలి. రెండోవాళ్ళు తమవి తెరుచుకున్నాక తిరిగి ఇవ్వాలి. రూతమ్మగారు ఉన్నన్నాళ్ళూ, ఇవాళ ఎవరు గెలిచారని మార్తమ్మను అడిగేదట. ఇప్పుడు ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా ఖర్చు లేదు. అయినా ఆవిడ ఎత్తదు, నేను ఎత్తను. ఒక్కసారి మోగి ఆగిపోతుంది, అంతే.

ఈ పొద్దున ఇది రాద్దామని కూర్చుంటే కలం పట్టు చిక్కలేదు. చేతులు వేడినీళ్ళలో పెట్టుకుని ఉండగా పక్కన ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

ఇవాళా ఆవిడే గెలిచింది.